టిఫిను: పుట్టినిల్లు, మెట్టినిల్లు

మార్కాపురంలోగాని గిద్దలూరులోగాని ఉదయంపూట తెలిసినవారు ఎదురుపడితే, కుశలప్రశ్నకంటె ముందుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది: “టిఫిను చేశారా?” పండితుడూ అదే అడుగుతాడు, పలకల గనికి పోయే కూలీ కూడ అదే అడుగుతాడు. ఇది ఏ భాషాపదమని తరగతిలో మేము ప్రశ్నించినప్పుడు, “తెలుగే కదా సార్!” అన్నవారే ఎక్కువ.

నిజానికి ఇది ఇంగ్లీషువారి గ్రామ్యం నుండి వచ్చిన మాట. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ లండనులో ప్రకటించిన గ్రామ్య పదకోశంలో ‘టిఫింగ్’ అనే పదం కనిపిస్తుంది. వేళగాని వేళ తినడం, తాగడం అని దాని అర్థాలలో ఒకటి. స్వదేశంలో ఆ మాట మరుగున పడిపోగా, ఇండియాకు వచ్చిన దొరలు దానిని మధ్యాహ్నపు తేలిక భోజనానికి పేరుగా నిలుపుకొన్నారు. 1886లో యూల్, బర్నెల్ వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఈ పదాన్ని చర్చించింది. దీని మూలాన్ని అరబ్బీలో వెదకినవారు, చీనా భాషలో వెదకినవారు కూడ లేకపోలేదు.

మన వాడుకలో పడిన తరువాత దీని వేళ మారింది, వేషమూ మారింది. మధ్యాహ్నం నుండి ఉదయానికి జరిగింది. ఇడ్లీ, దోసె, ఉప్మా, ఉగ్గాని దీని పరివారమైనాయి. రాత్రి అన్నం మానినవారు “టిఫినుతో సరిపెట్టుకొన్నాము” అంటారు. చివర ఉకారం చేరింది, ‘టిఫిన్లు’ అని బహువచనం ఏర్పడింది, ‘భోజనం చేయు’ వలెనే ‘టిఫిను చేయు’ అయినది. అయితే పనికి పోయేవారి టిఫిను క్యారియరులో ఉండేది మాత్రం మధ్యాహ్నం తినే అన్నమూ పప్పూ. దొరల నాటి అర్థం ఆ గిన్నెలలో ఇంకను మిగిలి ఉన్నది!

మా ఇండ్లలో ఇదే ప్రశ్న “నాష్తా హువా క్యా?” అని వినిపిస్తుంది. పారసీలో ‘నాష్తా’ అంటే మొదట ఏమీ తినకుండ ఉన్న స్థితి. ఇక ‘ఫలహారం’ అంటే పండ్ల ఆహారం. ఇడ్లీ పళ్లెంలో పండెక్కడ? పుట్టుకనాటి అర్థమే ప్రమాణమైతే, ఈ మూడు మాటలలో దేనితోను మనము అతిథిని ఇడ్లీకి పిలువలేము.

“మీరు ముస్లిములు గదా, తెలుగు పాఠం చెబుతారా?” అని మమ్మల్ని ఆశ్చర్యంగా అడిగేవారు నేటికీ ఉన్నారు. ఆ మాటలో ద్వేషం లేదు. కాని భాషకు పుట్టుకను బట్టి హక్కుదారులు ఉంటారనే భావం ఉన్నది. ఈ భావమే మన విద్యార్థుల కలాలను కూడ బంధిస్తున్నది. “వ్యాసంలో ‘నాష్తా’ అని వ్రాస్తే మార్కులు పోతాయా సార్?” అని ఒక విద్యార్థి మమ్మల్ని అడిగినాడు. ‘టిఫిను’ అని వ్రాయడానికి మాత్రం అతనికి సందేహం కలుగలేదు. ఇంగ్లండు గ్రామ్యానికి తెలుగులో పీట దొరికినది. తన తల్లి నోటిమాటకు దొరుకునో లేదోనని అతని భయం!

విద్యార్థులారా, పుట్టినిల్లు ఏదైనా, మెట్టిన ఇంట సంసారం చేసిన కోడలు ఆ ఇంటి మనిషే. మాట సంగతీ అంతే. మీ ఇంటి మాటలను నిస్సంకోచంగా వ్రాయండి. అర్థం తెలిసి, సందర్భమెరిగి వ్రాయండి. వాటికి తెలుగులో చోటు కల్పించవలసినది వాటిని వాడే మీరే.