ఎర్రకోటు సరే... మనవాళ్లకి ఏ రంగు?

‘‘అక్కా, విజయనగరం రాజుగారి సైనికులు ఏ రంగు తలపాగా చుట్టుకునేవాళ్లు?’’

ఆదివారం మధ్యాహ్నం పప్పుచారుకి తాలింపు వేస్తుంటే వచ్చిన ఫోన్ అది. చేసింది మా తమ్ముడు. ఇంగ్లండులో, నాటింగ్‌హామ్‌లో ఉంటాడు. నాన్న పోయాక ఇల్లు అమ్మే విషయంలో మాటా మాటా వచ్చి, ఉగాదికీ దసరాకీ శుభాకాంక్షలు చెప్పుకోవడం వరకే మిగిలాం. అలాంటివాడు పొద్దున్నే లేచి (వాళ్లకి అప్పటికి తొమ్మిది కూడా కాలేదు) తలపాగాల గురించి అడిగేసరికి, వీడికేమైందిరా బాబూ అనుకున్నాను.

ఏమీ కాలేదు. ఆట! వాడుండే ఊరు యుద్ధం బొమ్మల తయారీకి పెట్టింది పేరట. లోహంతోనో ప్లాస్టిక్‌తోనో పోసిన సైనికులు... నిలబెడితే అంగుళం పైచిలుకు ఉంటారు. వాళ్లకి సన్న కుంచెలతో రంగులు వేసి, బల్లమీద పొలాలూ కాలవలూ అమర్చి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి పాత యుద్ధాలను మళ్లీ ఆడతారు. పిల్లలాటని నవ్వకండి. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రష్యా సైన్యం తన అధికారులకు ఇలాంటి ఆటతోనే శిక్షణ ఇచ్చింది. బొమ్మలతో ఇంట్లోనే ఆడుకునేలా నియమాలు రాసి 1913లో ‘లిటిల్ వార్స్’ అని పుస్తకం వేసినాయన హెచ్.జి.వెల్స్. ‘టైమ్ మెషీన్’ నవల రాసినాయనే.

చుట్టూ అందరూ వాటర్లూ ఆడుతుంటే మావాడికి మన యుద్ధం ఒకటి ఆడించాలని కోరిక పుట్టింది. ‘‘బొబ్బిలి ఉందిగా’’ అన్నాను. ‘‘వద్దక్కా. ఆ కోటలో ఆడవాళ్లు, పిల్లలు...’’ అని ఆగిపోయాడు. నిజమే. అది పాచికలు వేసి ఆడే కథ కాదు.

వాడు ఎంచుకున్నది చందుర్తి యుద్ధం.

ఏ చందుర్తి అని మీరూ అడుగుతారు, నేనూ అడిగాను. పిఠాపురానికి దగ్గర, గొల్లప్రోలు మండలంలో ఊరు. ఇంగ్లీషు చరిత్రల్లో ‘కాండోర్’ అయి కూర్చుంది. 1757 జనవరిలో బొబ్బిలి కోట పడింది. ఆ వెంటనే తాండ్ర పాపారాయుడు విజయరామరాజుని గుడారంలోనే చంపాడు. అంతవరకూ సినిమా పుణ్యమా అని మనందరికీ తెలుసు. ఆ తర్వాతి కథే ఎవరికీ పట్టలేదు. గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకి ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. 1758లో బుస్సీని దక్షిణాదికి రమ్మని లాలీ పిలిపించుకోగానే, రాజు విశాఖను ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కుని, బెంగాల్‌లో ఉన్న క్లైవ్‌కి కబురంపాడు. క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్ ఓడల మీద విశాఖలో దిగాడు. యుద్ధం నాటికి అతని దగ్గర 470 మంది తెల్లవాళ్లు, 1,900 మంది సిపాయిలు. అటు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర దాదాపు 500 మంది తెల్లవాళ్లు, ఆరువేల దాకా సిపాయిలు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఎదురుపడ్డారు.

ఇక్కడే ఉంది అసలు తమాషా. ఆ యుద్ధాన్ని మలుపు తిప్పింది ఫిరంగులు కాదు, కోటు రంగు.

క్లైవ్ 1757లో బెంగాల్‌లో కొత్త పటాలం ఒకటి పెట్టి, సిపాయిలకి కూడా ఇంగ్లీషువాళ్లలాగే ఎర్రకోట్లు తొడిగించాడు. జనం ‘లాల్ పల్టన్’ అన్నారు. ఫోర్డ్ వెంట వచ్చినవాళ్లు ఈ ఎర్రకోట్ల సిపాయిలే. కాన్‌ఫ్లాన్స్ మనుషులకు అలవాటైన ఇంగ్లీషు సిపాయిలు మద్రాసు వైపువాళ్లు... నాటు దుస్తుల్లో ఉండేవాళ్లు. కాబట్టి ఎర్రగా కనిపించాడంటే తెల్లవాడే అని వాళ్ల లెక్క. ఫోర్డ్ తన తెల్ల పటాలాన్ని మధ్యలో నిలబెట్టాడు. వాళ్ల ముందు నిలువెత్తు చేను. మనిషన్నవాడు కనబడడు. ఇంగ్లీషు రాతల్లో ఆ పైరుని ‘ఇండియన్ కార్న్’ అన్నారు. మావాడు మాత్రం బల్లమీద జొన్నచేనే వేశాడు, చీపురు పుల్లలు తుంచి! సిపాయిల జెండాలు చుట్టి కింద పెట్టించాడు ఫోర్డ్. ఫ్రెంచి పటాలం నేరుగా ఎర్రకోట్ల మీదికి వచ్చింది. సిపాయిలు వెనక్కి తగ్గారు. తెల్లవాళ్లనే ఓడించేశాం అనుకుని వరసలు చెదిరేలా తరుముతుంటే, చేను వెనకనుంచి అసలు తెల్లవాళ్లు బయటికొచ్చి పక్కనుంచి తుపాకులు పేల్చారు. కాన్‌ఫ్లాన్స్ గుర్రాలు మార్చుకుంటూ రాజమండ్రి దాకా ఆగకుండా పారిపోయాడు. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట కూడా ఇంగ్లీషువాళ్ల పరమైంది.

ఇంకో విడ్డూరం చెప్పనా? క్లైవ్ మొదట మద్రాసు నుంచి తీసుకెళ్లిన సిపాయిల మూలంగా, బెంగాల్‌లో కంపెనీ సిపాయి ఎవరైనా సరే ‘తెలింగా’ అనడం అలవాటైంది. 1857 తిరుగుబాటు నాటికీ ఉత్తరాదిలో అదే మాట. అంటే ఫోర్డ్‌తో ఓడ దిగిన ఉత్తరాది మనుషులు పేరుకి తెలుగువాళ్లు. వచ్చింది తెలుగుదేశానికి!

సరే, ఇదంతా విని ‘‘మరింకేం, ఎరుపు పూసెయ్’’ అన్నాను. ఎరుపుతో ఇబ్బంది లేదట. ఒక్కో బొమ్మ ఇరవై మందికి లెక్క కనుక 95 మంది సిపాయిలు, రెండు డజన్ల తెల్లవాళ్లు రెండు నెలల్లో తయారయ్యారు. ఎర్రకోట్ల మీద పుస్తకాలకు కొదవలేదు.

రాజుగారి మనుషుల దగ్గరే బండి ఆగింది. ఆ యుద్ధం గురించి విస్తారంగా రాసిన రాబర్ట్ ఆర్మ్ వాళ్లని తేల్చేసింది కాస్తంత మాటలోనే: నాసిరకం గుర్రాలు ఐదువందలు, కాల్బలంలో కొందరికి మోటు తుపాకులు, మిగతావాళ్లకి ఈటెలూ విల్లంబులూ. అంతే. ఏం కట్టుకున్నారు, ఏ రంగు... ఊహూ.

మావాడు ఓపిక పట్టలేక పన్నెండు బొమ్మలకు పసుపు అంగీ, ఎర్ర తలపాగా వేసి ఫొటో పంపాడు. అందరూ ఒక్క అచ్చు. ‘‘ఇది విజయనగరం సైన్యం కాదురా, 1964 నాటి సినిమా సైన్యం’’ అన్నాను. అలిగాడు. మళ్లీ పది రోజులు ఫోన్ లేదు. నాకూ పట్టుదల వచ్చింది. పిఠాపురం వైపు పని పడితే, చందుర్తి వెళ్లాను.

పొలాల్లో నిలబడి ఫొటోలు తీస్తుంటే ఓ పెద్దాయన దగ్గరికొచ్చి, ‘‘సర్వేకొచ్చారాండీ?’’ అన్నాడు. భూమి పోతుందేమోనని భయం ఆయనది. యుద్ధం సంగతి చెప్పి, రాజుగారు పిలిపించిన జనం ఏ బట్టలు వేసుకునుంటారు అని అడిగాను. నవ్వాడు.

‘‘పొలంలో ఉన్నోణ్ణి రమ్మంటే ఏం కట్టుకెళతాడండీ? ఒంటి మీదున్నదే!’’

గోచీ, మొలకి చుట్టిన గుడ్డ, తలకో తువ్వాలు. నేతబట్ట ఉతికీ ఉతికీ మాసిన తెలుపు. కలిగినవాడికి నీలిమందుతో అద్దిన నీలం, చిరివేరుతో అద్దిన ఎరుపు. రెండూ అప్పట్లో ఈ తీరంలో దొరికేవే. ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘అయితే అక్కా, అటువైపు ఫ్రెంచివాళ్ల సిపాయిల్లోనూ మనవాళ్లు ఉండుంటారుగా. వాళ్లూ ఇలాగే ఉంటే రెండు వైపులా ఒకేలా అవుతారే!’’ అన్నాడు.

‘‘అవుతారు’’ అన్నాను.

పసుపు అంగీలు గీకేశాడు. ఏ ఇద్దరూ ఒకేలా లేకుండా అరవై బొమ్మలకు రంగులు వెయ్యడానికి, ఎర్రకోట్లన్నిటికీ పట్టినదానికి రెట్టింపు పట్టింది. మా మేనకోడలు ఒకడి తువ్వాలుకి గళ్లు వేసింది. అలాంటి గళ్లు ఉండేవో లేదో నేను మాత్రం అడగలేదు.

ఆట రోజున ఫ్రెంచి వైపు ఆడిన స్నేహితుడికి యుద్ధం పేరు చెప్పలేదట. కిటుకు ముందే తెలిస్తే ఎవడు పడతాడు? చేను వెనక ఉన్నవాళ్లని బల్లమీద పెట్టకుండా చీటీ మీద రాసుకున్నాడు. ఆ స్నేహితుడు ఎర్రకోట్లను చూశాడు, కాన్‌ఫ్లాన్స్‌లాగే వాళ్ల మీదికే వెళ్లాడు.

నిన్న ఆదివారం మళ్లీ ఫోన్.

‘‘అక్కా, మచిలీపట్నం కోట చుట్టూ చిత్తడి నేల ఉండేదట. ఆ బురద నలుపా, బూడిద రంగా? వెళ్లి చూసొస్తావా?’’