గురువు చూపు - ఇంటి గడప

విద్యార్థిని కనిపెట్టి యుండుట గురువు ధర్మము. ఆటస్థలమున పడినవానిని లేవనెత్తునదియు, పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచువానిని మందలించునదియు ఆ చూపే. పూర్వము సాయంకాలపు గంట మ్రోగగనే ఆ చూపు బడివాకిటనే నిలిచిపోయెడిది. బడి యిచ్చిన కంప్యూటరు పిల్లవానితో ఇల్లు చేరిన పిదప, గురువు చూపు ఎచట ఆగవలెనను ప్రశ్న పుట్టినది.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున లోయర్ మెరియన్ అను ప్రాంతము కలదు. అచటి పాఠశాలల పాలకవర్గము ఉన్నత పాఠశాల విద్యార్థులకు తలకొక ల్యాప్‌టాప్ ఇచ్చెను. పోయిన యంత్రమును వెదకుటకై అందొక యేర్పాటు చేసిరి. దానిని నడిపినచో, లోనున్న కెమెరా ఎదుటివారి చిత్రమును కొన్ని నిమిషముల కొకసారి తీసి పాఠశాలకు పంపును. ఈ సంగతి పిల్లలకు గాని తల్లిదండ్రులకు గాని తెలుపలేదు. తమ కుమారుడు ఇంటనుండగా తీసిన చిత్రమును సాక్ష్యముగా చూపి పాఠశాలవారు అతనిని నిందించిరని ఒక కుటుంబము 2010 ఫిబ్రవరిలో న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. విచారింపగా చిత్రములు 50,000కు మించియున్నట్లు తేలెను. ఉద్యోగులు చెడుబుద్ధితో చూచిరనుటకు సాక్ష్యము దొరకలేదు. పోయిన యంత్రము దొరకిన పిదపను కెమెరాను ఆపకుండుటచే పెక్కు చిత్రములు పోగైనవి. ఆ యేడు అక్టోబరులో పాలకవర్గము 6,10,000 డాలర్లు చెల్లించుటకు ఒడంబడి తగవు తీర్చుకొనెను. మంచి యుద్దేశము ఒక్కటే చాలదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

ఇట్టి ప్రశ్న భారతదేశమునకును క్రొత్తది కాదు. దోపిడి నేరము ఋజువు కాక విడుదలైన ఖరక్ సింగ్ ఇంటికి ఉత్తరప్రదేశ్ పోలీసులు రాత్రివేళల వచ్చి చూచుచుండిరి. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి రాకలను నిషేధించినను, గోప్యతను హక్కుగా నంగీకరింపలేదు. రాజమహేంద్రవరమున జన్మించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు మాత్రము, నిఘానీడలో తిరుగువాని మనస్సు స్వేచ్ఛగా నుండజాలదనియు, గోప్యత స్వేచ్ఛలో భాగమే యనియు భిన్నాభిప్రాయము వ్రాసెను. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి.

ఆ మాట బాలురకును వర్తించును. తెలియని విషయమును వెదకుటకు, తప్పులతో నొక పద్యము వ్రాసి చింపివేయుటకు, దుఃఖమును మిత్రునితో చెప్పుకొనుటకు పిల్లవానికి కొంత ఏకాంతము కావలెను. ప్రతి అక్షరమును ఎవరో చదువుచున్నారని తెలిసినవాడు అడుగవలసినది అడుగడు. అయినను ఇంటర్నెట్టులో పిల్లలను వంచించువారును, తోటివారిని వేధించువారును కలరు. కావున కావలి అక్కరలేదనుటయు పొరపాటే.

బడి తన యంత్రమును, తన పనివేళలందు, ముందుగా తెలిపి కనిపెట్టవచ్చును; అవసరము తీరగనే ఆపవలెను. తలుపు తట్టి వచ్చువానిని ఇంటివారు ఆదరింతురు. కిటికీనుండి తొంగిచూచువాడు మేలుకోరువాడైనను వారి నమ్మకమును పొందజాలడు. నమ్మకము లేనిచోట విద్య నిలువదు.