తూకానికి అందని లెక్క

రాయపూరు నగరానికి ఉత్తరాన ఉన్న ఉర్లాలో పాత ఇనుము ఎవరికీ వింత కాదు. ఉక్కును కరిగించే కొలుములు, కడ్డీలు తీసే మిల్లులు అక్కడి బ్రతుకుతెరువు. విరిగిన వస్తువు ఏదైనా తుక్కు వ్యాపారి త్రాసు ఎక్కవలసినదే. అక్కడివారు అతనిని కబాడీ అంటారు. తూకం తేలితే వెల తేలినట్లే. ఆ వస్తువు నిన్నటి దాకా ఎవరికి ఏ పని చేసిపెట్టినదో త్రాసు అడగదు. అట్టి చోట ఒక పాత యంత్రాన్ని బాగుచేయించవలెనా, తూకానికి వేయవలెనా అని ఒక మనిషి పదిరోజులు ఆలోచించినాడంటే, ఆ ఆలోచన వినదగినది.

అతడు ఒక మిల్లులో కూలి. యంత్రం తండ్రిది, పడవ వెనుక తగిలించే పెట్రోలు ఇంజను. ధమ్తరి సమీపాన మహానదిపై కట్టిన గంగ్రేల్ జలాశయంలో పడవ నడిపి ఆ తండ్రి సంసారం ఈదినాడు. ఆయన పోయిన తరువాత ఇంజను గోనెపట్టా కప్పుకొని గోడవార ఉండిపోయినది.

"అన్నా, నాయన లేడు, పడవా లేదు. ఇంక ఇది ఎవరికోసం?" అని తమ్ముడు అడిగినాడు. పిల్లదాని బడి ఫీజు గడువు దగ్గరపడినదని భార్య గుర్తుచేసినది. ఇద్దరి మాటలోనూ తప్పు లేదు.

ఈ జాతి ఇంజనుకు పెద్ద చరిత్రే ఉన్నది. నార్వేలో పుట్టి అమెరికా చేరిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో ఇటువంటి ఇంజన్లు అమ్మకానికి పెట్టినాడు. అంతకు ముందే ఒకరిద్దరు చేసి చూసినా, దీనిని జనంలోకి తెచ్చినవాడు ఆయనే. పడవలో స్థిరంగా బిగించనక్కరలేదు. సాయంత్రం విప్పి ఇంటికి మోసుకొని పోవచ్చును. చిన్నపడవవానికి అదే వరమైనది. అయితే ఆ పేరుగల ఇంజన్ల తయారీ 2020లో ఆగిపోయినది. చేసేవాడు ఆగిపోతే విడిభాగాల వేట మొదలవుతుంది. ఈ ఇంటిలోని ఇంజను మీద మోడలు సంఖ్య గల రేకు కూడ అరిగిపోయినది. సంఖ్య తెలియనిదే సరియైన భాగం తెప్పించడం కష్టం.

అనుభవజ్ఞుడైన ఒక వృద్ధ మెకానికును పిలిచినారు. బాగుచేసేందుకు ఎంత అవుతుందని అడిగితే, "ముందు దీని పెద్ద జబ్బు ఏదో చూద్దాం" అన్నాడు. అందులోనే సగం వివేకం ఉన్నది. ప్లగ్గులు మార్చడం, కార్బురేటరు కడగడం, నీటిపంపులో గట్టిపడిన రబ్బరు చక్రం తీసి కొత్తది వేయడం, ఇవన్నీ స్వల్పవ్యయాలు. మనుష్యులు సాధారణంగా వీటితోనే మొదలుపెడతారు. పోసిన డబ్బు ఇంకొంచెం పొయ్యమంటుంది. చివరకు సిలిండరు గీసుకుపోయినదని తెలిసేనాటికి వెనుకకు తిరగడానికి మనసు ఒప్పదు. కనుక ఖరీదైన దోషాన్నే ముందు వెదకవలెను.

ముసలాయన ఫ్లైవీలును చేతితో త్రిప్పి చూసినాడు. తిరిగినది. క్రింది గేరుపెట్టెలోని నూనె తీసినాడు. పాలవలె తెల్లబారలేదు గనుక నీరు చొరలేదు. తరువాత రెండు సిలిండర్లలోనూ ఒత్తిడి కొలిచినాడు. అవి రెండూ దాదాపు సమంగా ఉండవలెను. ఒకటి బాగున్నది, రెండవది చాల తక్కువ చూపినది. తల విప్పగా లోపలి గోడపై నిలువుగీతలు కనబడినవి. లేతు మిషనుపై దానిని చెక్కి వెడల్పు చేయవచ్చును. ఉర్లాలో అట్టి పనివారికి కొదువ లేదు. కాని ఆ కొలతకు సరిపోయే పెద్ద పిస్టను ఎక్కడినుంచి వస్తుంది?

అంతటితోనూ ఖర్చు తీరదు. దేశంలో 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం జరిగినది. ఇథనాలు తేమను పీలుస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను మెత్తబరచి చెరుపుతుంది. వాటిని మార్చవలెను. పాత ఇంజన్లలో చాలవాటికి 24 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు నూనె కలపవలెను. నడిచే ఇంజను రోజూ అడుగుతూనే ఉంటుంది.

ఈ లెక్కలన్నీ విన్న పిమ్మట అతనికి ఒక సంగతి స్పష్టమైనది. తాను ఇన్నాళ్ళూ రెండు పద్దులను ఒకే పుటలో వ్రాసుకొన్నాడు. ఒకటి ఉపయోగం, రెండవది జ్ఞాపకం. ఉపయోగానికైతే పడవ కావలెను, నీరు కావలెను. ఉర్లాలో కూలిచేసేవానికి ఆ రెండూ లేవు. జ్ఞాపకానికైతే ఇంజను తిరగనక్కరలేదు. తండ్రి తాడులాగి ఇంజను లేపే తీరు కొడుకులిద్దరికీ కంటికి కట్టినట్టే ఉన్నది. దానికి పిస్టను అక్కరలేదు.

అట్లని కబాడీకీ వేయలేదు. త్రాసుకు అది కొంత అల్యూమినియం, కొంత ఇనుము. మొదటిది 660 డిగ్రీల వద్ద, రెండవది 1538 డిగ్రీల వద్ద కరిగిపోయేవి. చెడని గేర్లు, బాగున్న సిలిండరులోని పిస్టను కూడ అందులోనే కలిసిపోయేవి. అవే మరొకని ఆగిన ఇంజనుకు ప్రాణం. ముసలాయన విడిభాగాలకని కొన్నాడు. తుక్కుధరకంటె కొంచెమే ఎక్కువ ఇచ్చినాడు. తమ్ముడు ఒక ప్రక్క పట్టుకోగా ఇద్దరూ ఇంజనును బండిలోకి ఎత్తినారు.

ఆ పైకం బడిఫీజుకు సరిపోయినది, మిగిలినదేమీ లేదు. చూడకుండ అమ్మినా వచ్చేది ఇంచుమించు అంతే కావచ్చును. కాని చూసి అమ్మినవానికి తాను దేనిని వదులుకొన్నాడో తెలుసు, దేనిని వదులుకోలేదో కూడ తెలుసు.