చూలాలికి నూనె రాచే ముందు

మా యిండ్లలో ఆడపిల్ల పురిటికి వచ్చిందంటే నూనె గిన్నె పొయ్యి దగ్గరకు చేరినట్లే. నడుము నొప్పి అన్నా నూనే, కాళ్ళు లాగుతున్నవన్నా నూనే, నిద్ర పట్టలేదన్నా నూనే. నేను ఇద్దరు బిడ్డలను కన్నప్పుడు మా అమ్మ రాచింది. మా అత్తగారికి వాళ్ళ అమ్మ రాచింది. ఇందులో అడిగి తెలుసుకోవలసిన సంగతులున్నవని 2023వ సంవత్సరం దాకా నాకు తోచనే లేదు. ఆ యేడు మా యింట్లో జరిగిన విషయం సోదరీమణులకు ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉన్నది. దానిని దాచి వ్రాస్తే ప్రయోజనం లేదు.

మా పెద్దమ్మాయి తొలి కాన్పుకు ఏడవ నెలలో తుమకూరుకు, మా యింటికి వచ్చింది. వచ్చిన నాటి నుంచీ నడుము నొప్పి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. మా అత్తగారు వెంటనే వెనుక వీధి అవ్వను పిలిపించారు. అవ్వది పావగడ వైపు. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడుతుంది. ఆ సీమలో మంత్రసానిని సూలగిత్తి అంటారు. వేలకొద్దీ కాన్పులు చేసి, 2018లో పద్మశ్రీ బిరుదు పొంది, ఆ యేడే డిసెంబరులో కన్నుమూసిన సూలగిత్తి నరసమ్మగారు పావగడ తాలూకావారే. మా అవ్వకు అంత పేరు లేదు. కాన్పులు చేయడం ఎన్నడో మానుకొన్నది. ఇప్పుడు చూలాళ్ళకు ఒళ్ళు పట్టడం, పసిబిడ్డలకు నీళ్ళు పోయడం ఆమె పని.

అవ్వ వచ్చీ రాగానే నూనె అడుగుతుందనుకొన్నాను. ఆమె తాయి కార్డు అడిగింది. మా రాష్ట్రంలో గర్భిణులకు ఇచ్చే కార్డు అది. తనకు చదువు రాదు గనుక నా చేత చదివించింది. రక్తపు పోటు ఎంత, రక్తం పట్టు ఎంత, మధ్యలో ఎప్పుడైనా రక్తం కనిపించిందా, మాయ కిందికి ఉన్నదని స్కానింగులో వ్రాశారా, అన్నీ విన్నది. "రేపు డాక్టరమ్మను ఒక మాట అడుగు అమ్మణ్ణీ. ఆమె సరే అంటేనే నేను వస్తాను" అని లేచిపోయింది. మా అత్తగారికి కొంచెం కోపం కూడా వచ్చింది. డాక్టరమ్మగారు మాత్రం సంతోషించి, మెత్తగా రాయించుకోవచ్చునని అనుమతి ఇచ్చారు.

అవ్వ పని చేసే తీరు చెబుతాను. అమ్మాయిని ప్రక్కకు తిప్పి పడుకోబెట్టేది. మోకాళ్ళ నడుమ ఒక దిండు, పొట్ట కింద ఒక పలుచని దిండు, వీపు వెనుక ఒకటి. వెల్లకిలా మాత్రం పడుకోనిచ్చేది కాదు. అయిదవ నెల దాటిన తరువాత వెల్లకిలా పడుకొంటే, గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి, గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుందనీ, అందుకే కొందరికి కళ్ళు తిరుగుతాయనీ డాక్టరమ్మగారు తరువాత నాకు చెప్పారు. అవ్వకు ఈ రక్తనాళాల సంగతి తెలియదు. వెల్లకిలా పడుకొన్న చూలాలి ముఖం పాలిపోవడం చూచిన మనిషి, అంతే.

గోరువెచ్చని నువ్వుల నూనె ముందు తన మణికట్టు మీద వేసుకొని చూచేది. మెడ, భుజాలు, వీపు, నడుముకు రెండు ప్రక్కలా అరచేతితో నెమ్మదిగా రాచేది. కర్పూరం వేసిన నూనె వాడేది కాదు. పొట్ట మీద చెయ్యి వేసేది కాదు. మధ్య మధ్య "నొస్తా ఉందా, పాపా?" అని అడిగేది. అరగంటకు మించేది కాదు. స్నానానికి నీళ్ళు కూడా మరీ వేడిగా పెట్టనిచ్చేది కాదు. నూనె కాళ్ళతో చూలాలు జారిపడితే ఏమి గతి అని, స్నానాలగదిలో ముందుగా సీకాయ చల్లి బండలు కడిగించేది. ఈ మర్దనతో నడుము నొప్పి పూర్తిగా పోలేదు గాని, ఆ రాత్రులు అమ్మాయి నాలుగైదు గంటలు నిద్రపోయేది. మర్దన వల్ల ఆశించదగినది అంతే. నొప్పి తేలికపడుతుంది, మనస్సు కుదుటపడుతుంది, నిద్ర వస్తుంది. కాన్పు సుళువు చేస్తుందనీ, బిడ్డ రంగు తేలుతుందనీ అనేవి వట్టి మాటలు.

ఇక నా తప్పు. ఎనిమిదవ నెలలో ఒకనాటి సాయంకాలం అమ్మాయి ఎడమ పిక్క నొస్తున్నదన్నది. గర్భిణులకు పిక్కలు పట్టడం మామూలే గదా అనుకొన్నాను. తెల్లవారి నొప్పి ఎక్కువైంది. నాకు ఆఫీసులో నెలాఖరు లెక్కల హడావిడి. "అత్తయ్యా, అవ్వ వస్తే నూనె కాచి పిక్క గట్టిగా పిసకమనండి, పోతుంది" అని చెప్పి, చెప్పులు తొడుక్కొంటున్నాను. అంతలో అవ్వే వచ్చింది.

అవ్వ రెండు పిక్కల మీదా వెనుక చెయ్యి ఆనించి చూచింది. తరువాత తన కొంగుతో రెండింటి చుట్టుకొలతా కొలిచింది. ఎడమది లావుగా ఉన్నది. నూనె సీసా మూత బిగించి ప్రక్కన పెట్టింది.

"ఈ కాలు కాలతా ఉంది అమ్మణ్ణీ. ఆ కాలు చల్లంగా ఉంది. నేను చెయ్యి పెట్టను. బిన్నా ఆసుపత్రికి పిల్చుకొని పో."

"ఇంత నొప్పికి ఆసుపత్రి ఎందుకవ్వా? ఎన్ని కాళ్ళు పట్టలేదు నువ్వు?"

"పట్టినాను గాబట్టే చెప్తాండా."

ఆ మాటతో నాకు భయం వేసింది. ఆఫీసుకు ఫోను చేసి సెలవు చెప్పి, అమ్మాయిని ఆటోలో తీసుకొని వెళ్ళాను. స్కానింగు చేసి, కాలి లోపలి రక్తనాళంలో రక్తం గడ్డ కట్టిందని తేల్చారు. డాక్టరమ్మగారు మొదట అడిగిన ప్రశ్న, "ఎవరైనా పిసికారా?" అని. లేదన్నాను. "మంచి పని చేశారు. పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. అప్పుడు తల్లి ప్రాణానికే ముప్పు" అన్నారు. మంచి పని చేసింది నేను కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా ప్రకృతి ముందుగానే గర్భిణి రక్తానికి గడ్డకట్టే గుణం పెంచుతుందట. అందువల్ల మామూలు స్త్రీలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా ఈ బాధ గర్భిణులకు వస్తుంది. అందులోనూ ఎడమ కాలికే తరచుగా వస్తుంది. రెండు కాళ్ళూ సాయంకాలానికి కొద్దిగా ఉబ్బడం వేరు. ఒక్క కాలే ఉబ్బి, వేడెక్కి, నొప్పి పుడితే మాత్రం నూనె ముట్టరాదు. అట్లాగే ముఖమూ చేతులూ హఠాత్తుగా ఉబ్బి, తలనొప్పి వచ్చి, చూపు మసకబారితే అది రక్తపు పోటు పెరిగిన గుర్తు కావచ్చు. తల పట్టించుకొంటూ కూర్చోక, ఆ గంటే వైద్యునికి చూపాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా ఇదే మాట.

మా అత్తగారు ఒక సందేహం అడిగారు. "మా వైపు బిడ్డ అడ్డం తిరిగితే పొట్ట రాచి సరిచేసేవాళ్ళమ్మా!" దానికి డాక్టరమ్మగారు, అట్లా చేస్తే మాయ విడిపోయి తల్లీ బిడ్డా ఇద్దరికీ అపాయం కావచ్చుననీ, బిడ్డను తిప్పవలసి వస్తే 36, 37 వారాలప్పుడు ఆసుపత్రిలో, స్కానింగు చూస్తూ, బిడ్డ గుండె వింటూ వైద్యులే చేస్తారనీ ఓపికగా చెప్పారు.

కాన్పు దాకా అమ్మాయికి రోజూ పొట్ట చర్మం కింద ఇంజక్షను. వెచ్చాల డబ్బాల పక్కన ఇంజక్షను పెట్టెలు పెట్టుకొని బ్రతికాము. కాన్పుకు తేదీ నిర్ణయించి, ముందు రోజు ఇంజక్షను ఆపారు. నొప్పులప్పుడు నన్ను ప్రక్కన ఉండనిచ్చారు. నర్సమ్మ చూపినట్లు, నొప్పి వచ్చినప్పుడల్లా అమ్మాయి నడుము కింది ఎముక మీద అరచెయ్యి అదిమి పట్టాను. తల్లి కోరుకొంటే నొప్పులలో ఇటువంటి మర్దన మంచిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో చెప్పిందట. ఆ రాత్రి నా చేతులు వాచిపోయాయి. ఆడపిల్ల పుట్టింది. ఇంజక్షనులు ఆ తరువాత ఆరు వారాలు సాగాయి.

పదకొండవ నాడు అవ్వ బిడ్డకు నీళ్ళు పోయడానికి వచ్చింది. చీర పెట్టి, ఆనాడు నేనన్న మాటకు క్షమించమన్నాను. ఆమె బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకొంటూ, "నీళ్ళు తొలుపినావా లేదా, అది చెప్పు" అన్నది.

మన యిండ్లలో నూనె గిన్నె ఉండనివ్వండి. దానిని పొయ్యి మీద పెట్టే ముందు తాయి కార్డు ఒకసారి చదవండి. వైద్యుల అనుమతి అడగండి. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితంగా పరీక్ష చేస్తారు, దానికి తప్పక తీసుకొని వెళ్ళండి. బిడ్డ కాలు నొస్తున్నదన్న సాయంకాలమే రెండు కాళ్ళ మీదా చెయ్యి ఆనించి చూడండి. నేను ఆ సాయంకాలం చూడలేదు.