తాజ్‌మహల్ కాకపోతేనేం?

హైదరాబాద్ నుంచి మన్మాడ్ వైపు సాగే రైలు మార్గంలో ఔరంగాబాద్ వస్తుంది. నేడు దాని పేరు ఛత్రపతి శంభాజీనగర్. తెలుగు ముస్లిములకు ఈ నగరం పరాయిది కాదు. ఆసఫ్‌జాహీ పాలకుల తొలి రాజధాని ఇదే. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఇది హైదరాబాద్ రాష్ట్రంలో అంతర్భాగంగానే ఉంది. ఈ నగరంలో, కొండల నేపథ్యంలో బీబీ కా మక్బరా నిలిచి ఉంది. ఔరంగజేబ్ భార్య దిల్‌రస్ బానూ బేగం సమాధి అది. ఆమె 1657లో కన్నుమూశారు.

దక్షిణ ద్వారం దాటి లోపల అడుగుపెట్టగానే పొడవాటి నీటి కాలువ, ఇరువైపులా తోట, చివర ఎత్తయిన వేదికపై తెల్లని గుమ్మటం, నాలుగు మూలలా నాలుగు మినార్లు కనిపిస్తాయి. చూసినవారి నోట మొదట వచ్చే మాట దాదాపు ఒక్కటే: “అచ్చం తాజ్‌మహల్‌లా ఉంది, కానీ తాజ్ అంత లేదు.” ఇక అక్కడి నుంచి లెక్క మొదలవుతుంది. మినార్లు గుమ్మటానికి మించి కనిపిస్తున్నాయి. పాలరాయి కింది భాగంలోనూ గుమ్మటానికీ మాత్రమే ఉంది, మధ్యలో ఉన్నది నల్లరాతి కట్టడంపై సున్నపు పూత. ‘పేదల తాజ్’ అన్న పేరు కూడా ఆ పోలికలోంచి పుట్టిందే.

ఈ మాటలేవీ అబద్ధాలు కావు. మక్బరాకు అయిన ఖర్చు 6,68,203 రూపాయల 7 అణాలని పాత లెక్క చెబుతోంది. తాజ్‌మహల్ ఖర్చును కోట్లలో చెబుతారు. పోలికలోని నిజానిజాలు అలా ఉంచితే, అది చూపును ఏం చేస్తుందన్నది ఆలోచించవలసిన సంగతి. లేనిదాన్ని లెక్కించడంలో మునిగిన కన్ను ఉన్నదాన్ని చూడకుండానే వెనుదిరుగుతుంది.

ఇక్కడ ఉన్నది తక్కువేమీ కాదు. గోడలపై సున్నపు పూతను పాలరాయిలా నునుపుదేల్చి, దానిపై పూలనూ లతలనూ తీర్చిన పనివారి నేర్పు దగ్గరగా వెళ్లి నిలబడితేనే తెలుస్తుంది. సమాధి నేల మట్టానికి దిగువన ఉంటుంది. దాని చుట్టూ ఎనిమిది పలకల పాలరాతి జాలీ. సందర్శకులు పైనుంచి తల వంచి కిందికి చూడాలి. మధ్య భాగంలో వాడిన నల్లరాయి ఈ దక్కన్ నేల ఇచ్చిన రాయే. దూరం నుంచి తెప్పించిన పాలరాయి ఎంత ఉందో అంతే వాడారు, మిగిలిన చోట స్థానికమైన రాతికీ సున్నానికీ అందం నేర్పారు.

ప్రధాన ద్వారంపై ఉన్న శాసనం ఇద్దరి పేర్లు చెబుతుంది: రూపశిల్పి అతావుల్లా, నిర్మాణ నిపుణుడు హంస్‌పత్ రాయ్. ఈ అతావుల్లా మరెవరో కాదు, తాజ్‌మహల్ ప్రధాన శిల్పిగా చరిత్ర చెప్పుకునే ఉస్తాద్ అహ్మద్ లాహోరీ కుమారుడు. తండ్రి నిర్మాణమే లోకానికి కొలమానమైనప్పుడు కొడుకు చేసిన ప్రతి పనీ ‘తక్కువ’గానే తేలుతుంది. మూడున్నర శతాబ్దాలు గడిచినా ఆ తూకం ఆగలేదు.

ఆ తూకం మన ఇళ్లలోనూ ఉంది. ఈద్ నాడు బంధువులంతా చేరిన వేళ పిల్లల మార్కుల ప్రస్తావన వస్తుంది. “మీ పెద్దమ్మ కూతురికి ఎన్ని వచ్చాయో చూశావా?” అన్న ఒక్క మాటతో పండుగ పూట ఒక పసిముఖం వాడిపోతుంది. సౌదీ వెళ్లిన తమ్ముడు మూడంతస్తుల మేడ కట్టాడని, ఊళ్లో ఉండి తల్లిదండ్రులకు సేవ చేస్తున్న అన్న తనను తాను చేతకానివానిగా భావిస్తాడు. ఆ అన్న చేతుల మీదుగా ఇంట్లో నిత్యం జరుగుతున్న మేలు ఎవరి లెక్కలోకీ రాదు, చివరకు అతని లెక్కలోకి కూడా.

అలాగని ఇతరులను చూడనే కూడదని కాదు. అతావుల్లా తండ్రి తరం పనితనాన్ని చూసే ఈ రూపం నేర్చుకున్నాడు. మనకన్నా మెరుగైన వారి నుంచి విద్య నేర్చుకోవడం వేరు, వారి పక్కన నిలబడి మన విలువను తగ్గించుకోవడం వేరు. మొదటిది చేతులకు పని చెబుతుంది, రెండోది మనసును కృతఘ్నతలోకి నెడుతుంది. సంపద విషయంలో మనకన్నా తక్కువ ఉన్నవారి వైపు చూడమని మహాప్రవక్త (స) బోధించారు. ఎవరినీ చులకన చేయడానికి కాదు, అల్లాహ్ మనకిచ్చిన అనుగ్రహాన్ని మనం చులకన చేయకుండా ఉండడానికే.

మక్బరా చూసినవారు దౌలతాబాద్ మీదుగా మరో పాతిక కిలోమీటర్లు వెళ్లి ఖుల్దాబాద్ కూడా చూడాలి. అక్కడ షేక్ జైనుద్దీన్ దర్గా ఆవరణలో ఔరంగజేబ్ సమాధి ఉంది. ఆయన 1707లో మరణించారు. ఆయన పాలనపై చరిత్రకారుల తీర్పులు ఎన్నో. ఇక్కడ మనకు కావలసింది ఆ సమాధి రూపం మాత్రమే. ఆయన కోరిక మేరకే దానిపై గుమ్మటం కట్టలేదు. పైన ఆకాశం, కింద మట్టి. చుట్టూ ఉన్న పాలరాతి జాలీ తరువాతి కాలంలో చేర్చినది. ఎదుటి దర్గా ఆవరణలో మొదటి నిజాం ఆసఫ్‌జా నిద్రిస్తున్నారు.

భార్య సమాధి కన్నా చక్రవర్తి సమాధి చిన్నదని ఇక్కడ ఎవరూ పెదవి విరవరు. పోటీలోనే లేనిదాన్ని ఏ కొలతతో కొలుస్తారు? ఒకరిని మించి ఒకరు కూడబెట్టాలన్న తపన మనిషిని సమాధి దాకా మరపులో ఉంచుతుందని తకాసుర్ సూరా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికకు అర్థం ఈ మట్టి ముందు పుస్తకం తెరవకుండానే బోధపడుతుంది.

పోలిక అలవాటు ఒక్కరోజులో పోదు. అయితే ప్రశ్నను మార్చుకోవచ్చు. ‘అతనికన్నా నాకెంత తక్కువ?’ అని అడిగే చోట ‘నాకు అప్పగించినదేమిటి, దానితో నేనేం చేశాను?’ అని అడగాలి. బిడ్డ మార్కుల పత్రం చేతికి తెచ్చినప్పుడు పక్కింటి బిడ్డ పేరు ఎత్తకుండా, పోయిన పరీక్షకూ ఈ పరీక్షకూ మధ్య ఆ బిడ్డ పడిన శ్రమను చూడాలి. ప్రళయదినాన అల్లాహ్ మన పొరుగువారికి ఇచ్చిన సంపద లెక్కను మనల్ని అడగడు. మనకిచ్చిన దాని లెక్కనే అడుగుతాడు.