పప్పు ఉడికే నీళ్లు

మా అమ్మమ్మ ఊళ్లో నీళ్లు మంచివో కావో తేల్చేది కందిపప్పు. త్వరగా మెత్తబడితే మంచి నీళ్లు, ఎంత మంట పెట్టినా గింజ గింజగానే ఉంటే చెడ్డ నీళ్లు. సబ్బు బాగా నురగొస్తుందా అన్నది రెండో పరీక్ష. ఈ రెండూ ఫస్ట్ క్లాసులో పాసైన బోరు నీళ్లే మా వాళ్లు ఏళ్ల తరబడి తాగారు. ఇప్పుడు అమ్మమ్మ నడుం నిటారుగా నిలవదు. మెడ తిప్పాలంటే మనిషే తిరగాలి. మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు. మిగతాది మీకు చెప్పక్కర్లేదు.

"గా బాయి నీళ్లల్ల పప్పు ఉడకది బిడ్డా, బోరు నీళ్లయితే వెన్నలెక్క ఉడుకుతది" అనేది అమ్మమ్మ. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. సెకండ్ ఇయర్‌లో హైడ్రాలజీ, ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్ రెండూ ఒకే సెమిస్టర్‌లో పడ్డాకగానీ ఆ మాటలో ఎంత కెమిస్ట్రీ ఉందో నాకు తట్టలేదు.

పప్పు ఉడకనివ్వనిది ముఖ్యంగా కాల్షియం. నీళ్లలో కాల్షియం తక్కువై, వంటసోడాలో ఉండే బైకార్బొనేటే ఎక్కువైతే పప్పు ఇట్టే మెత్తబడుతుంది. అంటే అమ్మమ్మ కుండలో కొలుస్తున్నది కాల్షియంని. ఆ కొలత కరెక్టే. చిక్కంతా ఏంటంటే, కాల్షియం, ఫ్లోరైడ్ ఒకే నీళ్లలో ఎక్కువెక్కువగా ఇమడవు. రెండూ కలిసి ఫ్లోరైటుగా గడ్డకట్టి కిందికి దిగిపోతాయి. ఫస్ట్ ఇయర్‌లో బట్టీపట్టి మర్చిపోయిన సాల్యుబిలిటీ ప్రాడక్ట్ ఇదే. కాల్షియం పోయిన నీళ్లలో ఫ్లోరైడ్‌ని ఆపేవాళ్లుండరు. పప్పుకి నచ్చే నీళ్లే ఎముకలకి పడని నీళ్లు కావడానికి ఇదే కారణం. (అన్ని ఊళ్లలోనూ ఇలాగే ఉంటుందని కాదు. గట్టి నీళ్లలోనూ ఫ్లోరైడ్ ఉండే చోట్లున్నాయి.)

మరి కాల్షియం ఎక్కడికి పోయింది? మా కింద ఉన్నది గ్రానైటు. వాన నీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని పల్చటి ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం రాయిని కొంచెం కొంచెంగా తింటుంది. సోడియం, బైకార్బొనేట్ నీళ్లలోకి వస్తాయి. నల్ల అభ్రకం, అపటైటు, ఫ్లోరైటు లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కూడా వస్తుంది. కాల్షియం మాత్రం సున్నంగా విడిపోతుంది. మా చెలకల్లో నాగలికి తగిలే తెల్ల సున్నపు గడ్డలు అవే. ఇందులో ఏ ఫ్యాక్టరీ తప్పూ లేదు. తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకరు.

లోతు సంగతి ఇంకొకటి. బావులెండిపోయాక బోర్లు వేశారు, అవీ ఎండితే ఇంకా కిందికి దింపారు. లోతు నీళ్లంటే స్వచ్ఛమైనవని మనకో నమ్మకం. 1856లో డార్సీ ఇసుక గొట్టాలతో చేసిన ప్రయోగం మనందరం పరీక్షలో రాసిందే. మా దగ్గర ఇసుక లేదు, రాతి పగుళ్లున్నాయి. నీళ్లు ఏ పగులు పట్టుకుని ఎన్నాళ్లు నడిచి బోరులోకి చేరాయో, అన్నాళ్లూ ఆ రాయితో కాపురం చేసినట్టే. అందుకే పక్కపక్క బోర్ల నీళ్లకి కూడా పోలికుండదు.

ఇదేం కొత్త రహస్యం కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని 1937లోనే డాక్టర్లు రాశారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి వాళ్లు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. ఒక జబ్బు వల్ల జిల్లా పేరు టెక్స్ట్‌బుక్కుల్లోకెక్కడం గర్వపడే విషయమో కాదో నాకిప్పటికీ తేలదు.

ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నాయి. తాగడానికి అవే. వంటకి మాత్రం చాలా ఇళ్లలో ఇంకా బోరు నీళ్లే. కారణం మళ్లీ పప్పే. ఎసట్లో పోసిన నీళ్లు ఎక్కడికీ పోవు, అన్నంలోనే ఉంటాయి. మరిగిస్తే ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

సంక్రాంతి సెలవుల తర్వాత ప్లాస్టిక్ బాటిళ్లలో శాంపిళ్లు తెచ్చాను. ఫ్లోరైడ్ గాజుని వదలదు కాబట్టి గాజు సీసాలు పనికిరావు. మన ల్యాబ్‌లో ఎర్రటి స్పాండ్స్ ద్రావణం పోస్తాం కదా, ఫ్లోరైడ్ ఎంతుంటే ఆ ఎరుపు అంత వెలిసిపోతుంది. నల్లా నీళ్లలో ఎరుపు దాదాపు అలాగే ఉంది. పాడుబడ్డ బావి నీళ్లు లీటరుకి 1.5 మిల్లీగ్రాముల గీతకి లోపలే ఉన్నాయి. అమ్మమ్మ మెచ్చుకున్న బోరు నీళ్లలోనే రంగు అన్నిటికంటే ఎక్కువ వెలిసింది.

ఈ సంగతి ఊళ్లో చెబితే పక్కింటి అక్క ఒక్కటే అడిగింది. "మరి మావోని పండ్ల మీది మచ్చలు పోతయా తమ్మీ?" పోవని చెప్పాను. చిగుళ్ల లోపల పన్ను తయారయ్యేటప్పుడే పడే మచ్చలవి, సుమారు ఎనిమిదేళ్ల వయసు దాకా ఆ పని జరుగుతుంది. పెద్దోడికి పదకొండు. చిన్నదానికి రెండే. అక్క ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున నల్లా దగ్గర రెండు బిందెలు ఎక్కువ పెట్టింది. పప్పు మాత్రం రాత్రే నానబెట్టాల్సి వస్తోందని మా అమ్మతో అంటోందట.