ఖాళీ గడి వేరు, సున్నా వేరు

సభ్యత్వ పత్రాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం కదా, "ఒక్క గడి ఖాళీగా వదిలినందుకు మళ్లీ ఫోన్ చేయాలా?" అని చాలామంది అడుగుతున్నారు. అడగడం న్యాయమే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

మేము వాడుతున్నది పైథాన్ భాష. మన కంటికి ఖాళీ అంటే ఒకటే, దానికి అలా కాదు. పెళ్లి బంతిలో విస్తరే వేయకపోవడం ఒకటి, విస్తరి వేసి ఏమీ వడ్డించకపోవడం ఇంకొకటి. మొదటిదాన్ని పైథాన్ 'నన్' అంటుంది. రెండోది ఒక్క అక్షరమూ లేని ఖాళీ స్ట్రింగ్. 'ఇఫ్ నాట్' అని అడిగితే రెంటినీ ఖాళీ కిందే లెక్కేస్తుంది. కానీ ఎవరైనా స్పేస్ బార్ ఒకసారి నొక్కి వదిలేస్తే అదీ అక్షరమే, గడి నిండిందనుకుంటుంది. అందుకని ముందు నన్ కాదని చూసుకుని, 'స్ట్రిప్'తో అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేసి, ఏమైనా మిగిలిందా అని చూస్తాం.

తెలుగు టైపింగ్‌లో మరో చిక్కుంది. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు ఉంటుంది. గడిలో అదొక్కటే మిగిలితే స్ట్రిప్ దాన్ని తీయదు. తనిఖీ వరకు మేమే తీసి చూస్తాం. పేర్లలోంచి మాత్రం తీయం, తీస్తే ఆ అక్షరాలు ఒత్తులుగా కలిసిపోతాయి.

వీటన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది "ఇంట్లో తెలుగు చదవగలిగినవారు ఎందరు?" అనే గడి. కొన్ని ఇళ్లవారు 0 అని రాశారు. దాన్ని అంకెగా మార్చి 'ఇఫ్ నాట్' అని అడిగితే పైథాన్ అదీ ఖాళీయే అంటుంది. పీహెచ్‌పీలో 'ఎంప్టీ' అయితే అక్షరంగా రాసిన 0ను కూడా ఖాళీ అనేస్తుంది. కానీ 0 ఖాళీ కాదు, జవాబు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళమో కన్నడమో చదువుకున్న పిల్లల ఇల్లది. మనం పెట్టబోయే ఆదివారం తరగతి ముందుగా వాళ్లకోసమే. ఖాళీగా వదిలినవారికి ఫోన్ చేస్తే చాలు. రెంటినీ ఒకే కుప్పలో వేస్తే తరగతి ఎవరికి కావాలో ఆ ఇళ్లే జాబితాలోంచి జారిపోతాయి.

కాబట్టి ఒక మనవి. ఇంటిపేరు వాడకుండా ఇనీషియల్ మాత్రమే పెట్టుకునేవారు ఆ గడిలో 'లేదు' అని రాయండి. చుక్కలు, గీతలు వద్దు. తెలుగు చదివేవారు ఎవరూ లేకపోతే మొహమాటపడకుండా 0 అని రాయండి. ఆ సున్నాను చూసే పలకలు ఎన్ని కొనాలో లెక్క వేసుకుంటాం.